భృతి ఆగిన పని దొరకునా?
(అమెరికా అనుభవము – నేతపనివారికొక పాఠము)



మా వీధి సంఘమున నెలకొకసారి జరుగు చదువుల కూటములో ఈ నడుమ ఒక వాదము పుట్టినది. చిరకాలము కార్ఖానాలో పనిచేసి విశ్రాంతి తీసికొన్న పెద్దాయన ఒకరు, “కూర్చున్నవాడికి కూడు పెడితే లేచి పనికి పోతాడా? ఆ సాయమేదో ఆపెయ్యండి, వాడే పని వెతుక్కుంటాడు” అనిరి. గోడవార కూర్చుండిన యువకుడొకడు, “నేను కూర్చున్నది మగ్గం గుంటలోనే మామా. నూలు రాలేదు. లేచి ఎక్కడికి పొమ్మంటావు?” అని బదులు చెప్పెను. కొందరు నవ్విరి. ఆ తరువాత కొంతసేపు ఎవ్వరును మాటలాడలేదు.

ఇద్దరి మాటలలోను కొంత నిజము కలదు. ఎవరి మాటలో ఎంత నిజమున్నదో నోటిమాటతో తేలదు, లెక్క చూడవలెను. అట్టి లెక్క చూచుటకు అవకాశము అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఈ శతాబ్దమున రెండు పర్యాయములు కలిగినది. అచ్చటి ప్రభుత్వములు పనిలేనివారికిచ్చు అదనపు భృతిని 2013లో ఒకసారి, 2021లో మరియొకసారి నిలిపివేసినవి. నిలిపిన తరువాత ఏమి జరిగినదో పండితులు లెక్కలు కట్టిరి. ఆ లెక్కలను, వానిని చదువు విధానమును మన కుటుంబములవారికి తెలియజెప్పుటయే ఈ వ్యాసపు ఉద్దేశము.

1. భృతి యననేమి? అదనపు భృతి యననేమి?

అమెరికాలో నిరుద్యోగ భృతి యనునది ఒక విధమగు భీమా. 1929లో ఆరంభమైన మహామాంద్యమున లక్షలాది జనులు పనులు పోగొట్టుకొనిరి. 1932లో విస్కాన్సిన్ రాష్ట్రము అందరికంటె ముందుగా ఇట్టి భీమాకు చట్టము చేసినది. 1935లో అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్టు కాలమున వచ్చిన సాంఘిక భద్రతా చట్టము దానిని దేశమంతటికి వ్యాపింపజేసినది. యజమానులు తాము చెల్లించు జీతములనుబట్టి ఈ నిధికి పన్ను కట్టుదురు. తన తప్పు లేకుండ పని పోయినవానికి ఆ నిధినుండి వారమువారము కొంత సొమ్ము ముట్టును. సామాన్యముగా అది పాత జీతములో సగమునకు మించదు. పెక్కు రాష్ట్రములలో దాని గడువు 26 వారములు. భృతి తీసికొనువాడు పని వెదకుచుండవలెను. తగిన పని వచ్చినచో కాదనరాదు.

దేశమునకు గడ్డుకాలము వచ్చినపుడు ఈ భృతికి అదనము చేర్తురు. అది రెండు విధములు. వారముల గడువును పెంచుట ఒకటి. వారపు సొమ్మును పెంచుట రెండవది. మన మాటలో చెప్పవలెనన్న, మొదటిది బట్ట పొడవు పెంచుట, రెండవది పన్నా పెంచుట. 2008నాటి మాంద్యమునకు అమెరికా ప్రధానముగా మొదటి మార్గము పట్టినది. 2020లో కరోనా వ్యాధి వచ్చినపుడు రెండు మార్గములును పట్టినది.

2. లెక్కలో నిరుద్యోగి ఎవరు?

ముందునకు పోవుటకు ముందు ఒక చిన్న పాఠము నేర్వవలెను. ఇది తెలియనిచో తక్కిన లెక్కలన్నియు తలక్రిందులుగా కనబడును.

మన వాడుకలో పనిలేనివాడెల్ల నిరుద్యోగియే. ప్రభుత్వపు లెక్కలో అట్లు కాదు. అమెరికాలో ప్రతి నెలయు సుమారు 60,000 కుటుంబములను విచారించి ఈ లెక్క కట్టుదురు. ఒక ఇంట ముగ్గురు అన్నదమ్ములున్నారనుకొందము. పెద్దవాడు పనిచేయుచున్నాడు, అతడు ఉద్యోగి. నడిమివానికి పనిలేదు, గడచిన నాలుగు వారములలో పని వెదకినాడు, దొరకిన చేరుటకు సిద్ధముగా ఉన్నాడు, అతడు నిరుద్యోగి. కడపటివాడు వెదకి వెదకి విసిగి మానుకొన్నాడు. అతనికిని పనిలేదు, అయినను అతడు నిరుద్యోగుల లెక్కలోనికి రాడు. అతనిని “శ్రామికబలమునకు వెలుపలివాడు” అందురు.

నిరుద్యోగ శాతమనగా, పెద్దవానివంటివారిని నడిమివానివంటివారిని కలిపి, ఆ మొత్తములో నడిమివానివంటివారు నూటికెందరో చెప్పునది. కడపటివాడు పైనను లేడు, క్రిందను లేడు.

ఒక ఊరిలో 90 మంది పనిచేయుచున్నారు, 10 మంది వెదకుచున్నారు అనుకొనుడు. నిరుద్యోగము నూటికి 10. ఆ పదిమందిలో ఐదుగురు వెదకుట మానిరి. ఇప్పుడు 95 మందిలో ఐదుగురు. అనగా నూటికి 5కు కొంచెము ఎక్కువ. నిరుద్యోగము దాదాపు సగమునకు దిగినది. కాని ఊరిలో ఒక్క కొత్త పనియైనను పుట్టలేదు. పనిచేయువారు నాడు 90, నేడును 90.

భృతి తీసికొనువాడు పని వెదకవలెనను నియమము కలదని పైన చెప్పితిని. కావున భృతి ఆగినపుడు కొందరు పనిలో చేరుదురు, కొందరు వెదకుటయే మానుదురు. రెండింటివలనను నిరుద్యోగ శాతము తగ్గును. ఎవరు ఎంతమందియో విడదీయని లెక్క మనకు ఉపయోగపడదు.

3. ఉత్తర కారొలీనా – 2013

ఉత్తర కారొలీనా రాష్ట్రము మన వృత్తికి పరాయిది కాదు. అది ఒకప్పుడు నూలు మిల్లులకును బట్టల మిల్లులకును పుట్టినిల్లు. అచ్చటి కన్నాపొలిస్ పట్టణము మన షోలాపురమువలె తువ్వాళ్లకును దుప్పట్లకును పేరుపొందినది. 2003 జూలై 30న అచ్చటి పిల్లోటెక్స్ మిల్లులు మూతపడగా ఆ ఒక్క రాష్ట్రముననే నాలుగు వేలకు పైగా పనివారు ఒక్కమారుగా వీధిన పడిరి. తరములుగా మిల్లుపని తప్ప వేరు పని ఎరుగని కుటుంబములవి.

2008నాటి మాంద్యము తరువాత ఈ రాష్ట్రము భృతులు చెల్లించుటకై కేంద్ర ప్రభుత్వమునొద్ద సుమారు 250 కోట్ల డాలర్లు అప్పుపడినది. ఆ అప్పు తీర్చుటకై 2013 జూలై 1నుండి భృతిని తగ్గించినది. వారమునకు గరిష్ఠముగా 535 డాలర్లున్నది 350 డాలర్లయ్యెను. 26 వారముల గడువు 20 వారములకు లోపడినది. వారపు సొమ్మును తగ్గించిన రాష్ట్రమునకు కేంద్రపు అదనపు గడువు వర్తింపదని చట్టము. కావున సుమారు 70 వేలమందికి ఆ అదనము ఒక్కసారిగా నిలిచిపోయినది.

ఆనాడు ప్రకటించిన లెక్కలనుబట్టి జూన్ మాసమున నూటికి 9కి దగ్గరగా ఉండిన నిరుద్యోగము సంవత్సరాంతమునకు 7కు వచ్చినది. “చూచితిరా! భృతి ఆపగానే జనులు పనిలో చేరిరి” అని ఒక పక్షమువారు సంతోషించిరి. “శ్రామికబలపు లెక్కయు తగ్గినది గదా, వెదకుట మానినవారి మాటయేమి?” అని రెండవ పక్షమువారు అడిగిరి. పై రెండవ భాగమును చదివిన మన పాఠకులకు ఈ ప్రశ్న ఎందుకు వచ్చినదో వేరుగ చెప్పనక్కరలేదు.

4. దేశమంతటను ఆగినపుడు

అదే సంవత్సరము డిసెంబరు 28న కేంద్రపు అదనపు గడువు దేశమంతటను ముగిసినది. ఆ ఒక్కనాడే సుమారు 13 లక్షలమందికి భృతి నిలిచిపోయినది. మాంద్యపు తీవ్ర దినములలో కొన్ని రాష్ట్రములందు 99 వారములవరకు సాగిన భృతి మరల పాత గడువునకు వచ్చినది.

దీనిపై పండితులు రెండుగా చీలిరి. హాగడార్న్, మనోవ్‌స్కీ, మిట్మన్ అను ముగ్గురు ఆర్థికశాస్త్రజ్ఞులు, భృతి ఆగుటవలన 2014లో సుమారు 18 లక్షల ఉద్యోగములు అదనముగా కలిగినవని లెక్కకట్టిరి. బూన్, డూబ్ మొదలగు మరికొందరు, అట్టి ఫలితము కనబడలేదనియు, ఉన్నను మిక్కిలి స్వల్పమనియు తేల్చిరి. విశేషమేమనగా, ఇరుపక్షములవారి పద్ధతియు ఒక్కటియే. రాష్ట్రపు ఎల్లకు ఈవలి జిల్లాను ఆవలి జిల్లాతో పోల్చిరి. ఒకే గాలి, ఒకే సంత. భృతి నియమము మాత్రమే వేరు. పద్ధతి ఒక్కటియైనను వాడిన లెక్కల పుస్తకములు వేరగుటచే ఫలితములు వేరైనవి. ఒకే బట్టను రెండు గజకఱ్ఱలతో కొలిచినట్లు జరిగినది.

ఈ వాదములో మనకు మిక్కిలి ఉపయోగపడునది మూడవ పరిశోధన. ఫార్బర్, రోత్‌స్టీన్, వలెట్టా అనువారు 2012, 2013 సంవత్సరములలో అదనపు గడువు క్రమముగా తగ్గుటను పరిశీలించిరి. భృతి యున్నంతకాలము జనులు పనిలో చేరుట మానలేదనియు, భృతివలన జరిగినదెల్ల వారు వెదకుట మానకుండుటయే యనియు వారు కనుగొనిరి. అనగా భృతి ఆగినపుడు పనిలో చేరినవారి సంఖ్య అంతగా పెరుగలేదు. కడపటి తమ్ముని వలె లెక్కకు వెలుపలికి పోయినవారి సంఖ్య పెరిగినది.

5. 2020, 2021 సంవత్సరముల పెద్ద పరీక్ష

కరోనా కాలమున, 2020 ఏప్రిలులో, అమెరికాలో నిరుద్యోగము నూటికి 14ను దాటినది. అంతకు కొలదిదినముల ముందు, మార్చి 27న వచ్చిన చట్టము మూడు పనులు చేసినది. పాత భృతిపై వారమునకు 600 డాలర్లు కలిపినది. గడువును పెంచినది. అంతవరకు ఏ భృతికిని నోచుకోని సొంతపనివారికి, చిల్లరపనివారికి గూడ ప్రత్యేకముగా భృతి కల్పించినది. ఈ మూడవది మన నేతపనివారు గుర్తుంచుకొనదగిన సంగతి. దీనిని గూర్చి ముందు మరల చెప్పుదును.

600 డాలర్ల అదనముతో, భృతికి అర్హులైనవారిలో నూటికి 76 మందికి పాత జీతముకంటె భృతియే ఎక్కువైనదని గనాంగ్, నోయెల్, వావ్రా అను పరిశోధకులు లెక్కకట్టిరి. మా పెద్దాయన వాదమునకు ఇంతకంటె అనువైన స్థలము మరి దొరకదు. పనిచేసినదానికంటె ఊరకున్నందుకే ఎక్కువ ముట్టుచుండగా ఎవడు పనికి పోవును? కాని 2020 జూలై చివర 600 డాలర్లు ఆగినపుడు పనిలో చేరువారి సంఖ్యలో గొప్ప పెరుగుదల కానరాలేదు. ఆ అదనమువలన పనికి పోకుండ నిలిచినవారు కలరుగాని, అనుకొన్నంతమంది లేరని అదే పరిశోధకుల తరువాతి లెక్కలు చెప్పినవి. ఆనాడు దుకాణములు మూతపడియుండెను, బడులు తెరువలేదు, పిల్లలను చూచువారు లేరు, రోగభయము తీరలేదు. అనేకుల పాత యజమానులే వారిని తిరిగి పిలువలేదు.

2020 డిసెంబరు చివర మరల వారమునకు 300 డాలర్ల అదనమును ఆరంభించిరి. దానికి 2021 సెప్టెంబరు 6 గడువు. అయితే అంతకుముందే, జూన్ జూలై మాసములలో, 26 రాష్ట్రముల అధికారులు దీనిని నిలిపివేయుటకు పూనుకొనిరి. “యజమానులకు మనుష్యులు దొరకుట లేదు, భృతియే దానికి కారణము” అని వారి వాదము. తక్కిన రాష్ట్రములు సెప్టెంబరువరకు కొనసాగించినవి.

పండితులకు ఇది దొరకరాని అవకాశము. ఒకే దేశము, ఒకే కాలము. సగము రాష్ట్రములలో భృతి ఆగినది, సగములో సాగినది. రెండు మగ్గములపై ఒకే నూలు ఎక్కించి, ఒకదానికి మాత్రమే పన్నె మార్చి చూచినట్లయినది.

6. ఎనిమిదిమందిలో ఒక్కరు

కూంబ్స్, డూబ్, నాయుడు మొదలగువారు 18 వేలకు పైబడిన తక్కువ జీతగాండ్ర బ్యాంకు ఖాతాలను, పేర్లు తెలియకుండ, వారమువారము పరిశీలించిరి. వీరందరును 2021 ఏప్రిలు చివర భృతి పొందుచున్నవారు. ఆగస్టు ఆరంభమునకు తేలిన సంగతులివి.

భృతి ముందుగా ఆపిన రాష్ట్రములలో భృతి పొందువారు, ఆపని రాష్ట్రములకంటె నూటికి 35 మంది చొప్పున తగ్గిరి. పనిలో చేరినవారు మాత్రము నూటికి 4.4 చొప్పుననే ఎక్కువైరి. అనగా భృతి పోయిన ఎనిమిదిమందిలో ఒక్కరికి, ఆ భృతి పోయిన కారణమున, పని దొరకినది. తక్కిన ఏడుగురికి భృతియు లేదు, దానికి బదులుగా వచ్చిన పనియు లేదు.

సొమ్ము లెక్క ఇంకను స్పష్టము. సగటున ఒక్కొక్కరికి వారమునకు 278 డాలర్ల భృతి పోయినది. సంపాదన పెరిగినది 14 డాలర్లు. నూరు రూపాయలు పోయిన ఇంటికి ఐదు రూపాయలు వచ్చినట్లు. వారు తమ ఖర్చును వారమునకు 145 డాలర్లు తగ్గించుకొనిరి.

ఈ చివరి అంకెను నేతవారు రెండుమారులు చదువవలెను. ఒక ఇంట ఖర్చు తగ్గినదనగా ఎక్కడనో ఒక అంగడిలో అమ్మకము తగ్గినదని అర్థము. ఇంటివారు బియ్యమును మానలేరు, మందులను మానలేరు. ముందుగా వాయిదా వేయునది బట్ట. పండుగకు కొనవలసిన చీరను వచ్చే పండుగకు అందురు. అంగడివాడు షావుకారుకు సరుకు వలదనును, షావుకారు నేతగానికి నూలు ఇవ్వడు. ఈ విధముగా ఒకని భృతి ఆగినచో మరియొకని పని ఆగుటకును అవకాశము కలదు. భృతి ఆపుటవలన కలుగు ఉద్యోగములను లెక్కించువారు ఈ నష్టమును గూడ లెక్కింపవలెను.

7. రెండవ పక్షపు లెక్క

న్యాయము చెప్పవలెనన్న పెద్దాయన పక్షపు లెక్కను గూడ చూపవలెను. హోల్జర్, హబ్బర్డ్, స్ట్రెయిన్ అను ముగ్గురు పండితులు అదే 2021 సంగతిని ప్రభుత్వపు నెలవారీ విచారణలనుండి పరిశీలించిరి. భృతి ముందుగా ఆపిన రాష్ట్రములలో, 25 మొదలు 54 ఏండ్లలోపు నిరుద్యోగులు పనిలో చేరు వేగము సుమారు మూడింట రెండు వంతులు పెరిగినదని వారు తేల్చిరి. రాష్ట్రములన్నియు జూన్‌లోనే ఆపియుండినచో దేశపు నిరుద్యోగము నూటికి 0.3 చొప్పున తగ్గియుండునని గూడ చెప్పిరి.

మూడింట రెండు వంతులన్నమాట వినుటకు పెద్దది. ఉదాహరణకు, నెలలో పదిమందిలో ఇద్దరు పనిలో చేరుచుండిరనుకొనుడు. అది మూడింట రెండు వంతులు పెరిగినచో ముగ్గురికి కొంచెము ఎక్కువ అగును. తక్కిన ఆరేడుగురు ఏమైరన్న ప్రశ్న అట్లే నిలుచును. వేగమును చెప్పు అంకె ఒకటి, మనుష్యులను చెప్పు అంకె ఒకటి. రెండును నిజమే కావచ్చును. వాదించువారు తమకు కావలసినదానినే చెప్పుదురు. వినువారు రెండింటిని అడిగి తెలిసికొనవలెను.

సెప్టెంబరు 6న దేశమంతటను అదనము ముగిసినది. ఆగస్టులో నూటికి 5.2 అని ప్రకటించిన నిరుద్యోగము డిసెంబరునకు 3.9కి దిగినది. కాని అదే కాలమున దుకాణములు, బడులు, హోటళ్లు తెరువబడినవి, టీకాలు వ్యాపించినవి. వాన వచ్చిననాడు గొడుగు మడిచినవానికి, వాన ఆగినది తన గొడుగువలననే అనుకొను హక్కు లేదు గదా.

8. ఈ లెక్కల సారము

అన్నింటిని కలిపి చూడగా మూడు సంగతులు నిలుచుచున్నవి.

మొదటిది: భృతి ఆపినపుడు కొందరు పనిలో చేరుట నిజము. పెద్దాయన మాట పూర్తిగా తప్పు కాదు.

రెండవది: వారు కొద్దిమంది. 2021 లెక్కలో ఎనిమిదిమందికి ఒక్కరు. తక్కినవారికి లోపించినది కష్టపడు బుద్ధి కాదు, పని. యువకుని మాటకు బలము ఇచ్చటనే కలదు.

మూడవది: నిరుద్యోగ శాతము తగ్గినదని విన్నంతనే పని పెరిగినదని నమ్మరాదు. వెదకుట మానినవారు లెక్కనుండి జారిపోవుదురు. పనిచేయుచున్నవారి సంఖ్య పెరిగినదా అని వేరుగ అడుగవలెను. ఖాళీ మగ్గములు తగ్గినవని చెప్పినచో, అవి నేతలోనికి వచ్చినవా, విప్పి అటకపై పెట్టినవా అని అడుగుటవంటిది ఇది.

9. మనకేమి సంబంధము?

అమెరికా భృతులతో మనకు నేరుగా సంబంధము లేదు. మన దేశమున ఉద్యోగుల రాజ్య భీమా సంస్థ 2018నుండి, పని పోయిన భీమాదారులకు 90 దినములవరకు జీతములో నాలుగవ వంతు సాయమును కల్పించినది. కరోనా కాలమున 2020లో దానిని సగమునకు పెంచినది. కాని అది భీమా పుస్తకములో పేరున్న కార్ఖానా పనివానికే. ఇంట మగ్గము పెట్టుకొని ముక్కకు మజూరీ తీసికొనువానికి వర్తింపదు. ఆంధ్రప్రదేశమున 2019 డిసెంబరు మొదలు 2023వరకు సొంత మగ్గముగల నేత కుటుంబములకు ఏటికి రూ. 24,000 చొప్పున ఐదు పర్యాయములు ఇచ్చిరి. అది పని పోయినందుకిచ్చు భృతి కాదు. పైగా రాష్ట్రము వెలుపల స్థిరపడిన మన కుటుంబములకు చెందలేదు.

అంతకంటె పెద్ద చిక్కు వేరొకటి కలదు. మనము నిరుద్యోగుల లెక్కలోనే కనబడము. మన దేశపు శ్రామికబల విచారణలో వారపు లెక్క యొకటి కలదు. గడచిన ఏడు దినములలో ఏ ఒక్కనాడైనను ఒక గంట పనిచేసినవాడు ఆ లెక్కలో పనియున్నవాడే. సోమవారము ఉదయమున మిగిలిన పడుగు నేసి, నూలులేక ఆదివారమువరకు ఊరకున్న నేతగాడు ఆ లెక్కప్రకారము నిరుద్యోగి కాడు. కండెలు చుట్టి, ఆసు పోసి, కూలి లేక ఇంటి మగ్గమునకు సాయపడు స్త్రీ గూడ పనిచేయుచున్నట్లే. 2019–20 చేనేత గణనలో దేశమున 35 లక్షలకు పైగా చేనేత పనివారు తేలిరి. వీరి పనిలేని దినములు ఏ శాతములోను కనబడవు.

ఇట్టి స్థితిలో మన సంఘములు నూలు రాని దినములకు సాయము కోరినపుడు రెండు అడ్డములు వచ్చును. “మీలో నిరుద్యోగమే లేదు గదా” అనుట ఒకటి. “సాయమిచ్చినచో సోమరులగుదురు” అనుట రెండవది. రెండవదానికి అమెరికా లెక్కలు కొంత బదులు చెప్పుచున్నవి. మొదటిదానికి మన లెక్కలు మనమే చూపవలెను.

అమెరికాలో సొంతపనివారికి 2020లో భృతి కల్పించిరని పైన చెప్పితిని. ఆ సంవత్సరాంతమున వచ్చిన రెండవ చట్టము, అట్టివారు తమ పనికి నిదర్శనముగా పత్రములు చూపవలెనని విధించినది. చీటి దాచుకొన్నవాడు చూపగలిగెను. నోటిమాటపై వ్యాపారము చేసినవాడు చిక్కులపాలయ్యెను. మనవారిలో ఎందరికి చీటీలున్నవి? షావుకారు ఖాతాలో నూలిచ్చిన తేదీ ఉండును, బట్ట తీసికొన్న తేదీ ఉండును. నడుమ మగ్గము ఊరకున్న దినములు ఎవరి ఖాతాలోను ఉండవు.

కావున ప్రతి కుటుంబమును ఒక చిన్న పుస్తకము పెట్టుకొనవలెనని నా మనవి. ఖరీదైనది అక్కరలేదు, పిల్లల బడి నోటుపుస్తకము చాలును. అందు వ్రాయవలసినవి: నూలు వచ్చిన తేదీ, నంబరు, తూకము, పడుగు ఎక్కించిన తేదీ, బట్ట అప్పగించిన తేదీ, ముట్టిన మజూరీ, మగ్గము ఊరకున్న దినములు, దానికి కారణము – నూలు లేకనా, అమ్మకము లేకనా, జబ్బువలననా, కరెంటు లేకనా. స్త్రీలు చేసిన పనిని వారి పేరుననే వేరుగ వ్రాయవలెను. నెల చివర సంఘపు పెద్దలకు చూపి సంతకము వేయించుకొనవలెను.

ఒక్క ఇంటి పుస్తకము కథ అగును. నూరు ఇండ్ల పుస్తకములు ఒకచోట చేరినచో అది లెక్క అగును. అర్జీలోని కథను అధికారి విని పక్కన పెట్టవచ్చును. లెక్కకు బదులు చెప్పక తప్పదు. రేపు ఏదైన సాయము వచ్చి, కొంతకాలమునకు ఆగినచో, ఆగిన తరువాత ఎన్ని మగ్గములు నేతలోనికి వచ్చినవో, ఎన్ని విప్పబడినవో ఈ పుస్తకములే చెప్పును. మన సంగతిని ఇతరులు ఊహించి చెప్పు అవసరము తప్పును.

ఈ సంగతులన్నియు తరువాతి కూటములో చదివి వినిపించితిని. పెద్దాయన శ్రద్ధగా వినిరి. “ఎనిమిదిమందిలో ఒకడు లేచినాడు కదా, నేనన్నది అదే” అనిరి. పిమ్మట యువకుని వంక తిరిగి, “నువ్వు ఎన్నిరోజులు కూర్చున్నావురా, రాసిపెట్టావా?” అని అడిగిరి. అతడు వ్రాయలేదు. ఆ మరునాటినుండి వ్రాయుచున్నాడు.

సంఘ కూటములలో చర్చింపదగిన ప్రశ్నలు

(1) ఒక ఊరిలో 180 మంది పనిచేయుచున్నారు, 20 మంది వెదకుచున్నారు. వెదకువారిలో 8 మంది వెదకుట మానిరి. నిరుద్యోగ శాతము ముందెంత? తరువాత ఎంత? కొత్త పనులు ఎన్ని?

(2) భృతి పాత జీతముకంటె ఎక్కువగా ఉండుటకును, తక్కువగా ఉండుటకును ఫలితములో భేదముండునా? ఎందువలన?

(3) మీ వీధిలో గడచిన మూడు మాసములలో ఊరకున్న మగ్గములెన్ని? ఎన్ని దినములు? ఆ సంగతి ఏ పుస్తకములోనైనను వ్రాయబడియున్నదా?

(4) సాయము కోరుచు అర్జీ వ్రాయవలసివచ్చినచో, మీ సంఘమొద్ద నేడు చూపదగిన లెక్కలేవి?